అమ్మ చెయ్యి, బిడ్డ చెయ్యి: ఫొటోల్లో పోలికల చరిత్ర

ఈ ఎపిసోడ్ వినే తీరిక దొరకనోళ్ల కోసం అందులో మాట్లాడింది ఇక్కడ రాసి పెడుతున్నా.

వీడియో కాల్‌లో మనోళ్లందరూ అనే మాట ఒకటుంది: "పిల్ల అచ్చం వాళ్ల నాయనమ్మ తీరే నవ్వుతుంది." ముక్కు, కళ్లు పోలిక వచ్చాయంటే సరే. నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే తీరు ఎట్ల వస్తుంది?

డార్విన్‌కి కూడా ఈ ప్రశ్న వచ్చింది. 1872లో హావభావాల మీద ఆయన వేసిన పుస్తకంలో ఒక కుటుంబం సంగతి ఉంది. ఒకాయన గాఢనిద్రలో కుడిచెయ్యి మెల్లగా నుదుటిదాకా లేపి, ముక్కు మీద దబ్బున పడేసేవాడు. ఆయన పోయిన చాలా ఏళ్లకి కొడుక్కి పెళ్లయింది. ఈ ముచ్చట ఎన్నడూ వినని కోడలు, భర్తలో అదే అలవాటు చూసింది. తర్వాత వాళ్ల కూతురికీ వచ్చింది. నిద్రలో చేసేది ఎవరూ చూసి నేర్చుకోరు కదా! ఫొటోలు అచ్చేసిన తొలినాటి సైన్సు పుస్తకాల్లో అదొకటి.

మన దగ్గర మాత్రం ఆడవాళ్లు కెమెరా ముందుకు రావడం అంత తేలిక కాలేదు. రాజా దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టాడు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్‌లో ఎస్టిమేట్లు, డ్రాయింగులు చేశాడు. అంటే మన లైన్ మనిషే. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు. పరదా పాటించే ఆడవాళ్లు పరాయి మగాడి కెమెరా ముందు కూర్చోరు. అందుకే 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో పెట్టాడు. చుట్టూ ఎత్తైన గోడ, లోపల ఆడవాళ్లే. నడిపింది కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషావిడ. ఆడవాళ్లని దాచడానికి కట్టే గోడే, అక్కడ వాళ్ల మొహాలు మిగలడానికి పనికొచ్చింది.

అది కలిగినోళ్ల ముచ్చట. మా నాయనమ్మకి ఉన్నది ఒక్క ఫొటో, రేషన్ కార్డు మీద. బిగుసుకుని కూర్చుంది. చెయ్యి తిప్పుతూ మాట్లాడే ఆమె తీరు అందులో లేదు. అది మా చెల్లె చేతుల్లో ఉంది.

ఒక్క ఫొటో మొహాన్ని ఇస్తుంది. తీరు కనపడాలంటే ఫొటోలు పక్కపక్కన పెట్టాలి. అమెరికాలో నికొలస్ నిక్సన్ 1975 నుంచి నలభై ఏళ్లకు పైగా, తన భార్యనీ ఆమె ముగ్గురు చెల్లెళ్లనీ ఏటా ఒకే వరుసలో నిలబెట్టి తీశాడు. మలయాళీ మూలాలున్న అను పాలకున్నతు మాథ్యూ, పాత కుటుంబ ఫొటోలకి కొత్తవి జోడించి, ఒక తరం మొహం మెల్లగా తర్వాతి తరంలోకి కరిగిపోయేట్టు చేసింది.

బర్ దుబాయ్‌లో వీసా ఫొటోకి కూర్చుంటే "కదలకు, నవ్వకు" అంటారు. మనిషిని గుర్తుపట్టడానికి అది చాలు, పోలిక పట్టడానికి చాలదు. ఈసారి సెలవుకి పోయినప్పుడు అమ్మని, బిడ్డని, మనవరాలిని నిలబెట్టి తియ్యకండి. జడ వేస్తుంటే, పిండి కలుపుతుంటే తియ్యండి. మళ్లీ సెలవులో అదే వరుసలో ఇంకోటి. ప్రింట్ తీయించి వెనకాల పేరు, ఊరు, ఏడాది రాయండి. రెండేళ్లకోసారి ఇంటికి పోయే మనకి, నడుమ ఏం మారిందో, ఏం మారలేదో అదే చెప్తుంది.