హేరోదు నెత్తిన దుర్యోధనుడి కిరీటం

కృష్ణా డెల్టాలో వరికోతలు డిసెంబరుకి ఊపందుకుంటాయి. కోత కూలి గింజలు ఇంటికి చేరడానికీ క్రిస్మస్‌కీ పెద్ద ఎడం ఉండదు. రేపల్లె వైపు మా పేటలో క్రిస్మస్ నాటకం నిలబడింది ఆ గింజల మీదే. ఇంటికి ఇన్ని కుంచాలని కమిటీవాళ్లు వసూలు చేసి అమ్మి, ఆ డబ్బుతో తెనాలి వెళ్లి డ్రస్సులూ తెరలూ అద్దెకు మాట్లాడుకొచ్చేవాళ్లు. చేతిలో గింజ లేని నెలలో వచ్చుంటే ఈ పండగ మా పేటల్లో ఇంత రంగుగా ఉండేది కాదని నా నమ్మకం.

మా నాన్న మిషన్ బడిలో పంతులు. నాటకానికి హార్మోనియం ఆయనదే, పద్యాలు రాయడమూ నేర్పడమూ ఆయనే. తెనాలి దుకాణంలో దొరికేవి పాండవోద్యోగ విజయాలకీ హరిశ్చంద్రకీ కుట్టించిన బట్టలు. బేత్లెహేము కోసం ప్రత్యేకంగా ఎవరు కుట్టిస్తారు? అందుకని హేరోదు రాజు నెత్తిన దుర్యోధనుడి కిరీటం, భుజాలకి ఆయనవే భుజకీర్తులు. తూర్పు నుంచి వచ్చే జ్ఞానులకి మంత్రుల తలపాగాలు. హరిశ్చంద్రుడు చంద్రమతీ లోహితాస్యులతో నడిచిపోయే అడవి తెర ముందు మా గొర్రెల కాపరులు చలిమంట వేసుకుని కూర్చునేవాళ్లు. గబ్రియేలు దూత రెక్కలు మాత్రం పేటలోనే తయారయ్యేవి. వెదురుబద్దలు చీల్చి, రంగు కాగితం అంటించి గుడి ముందు నక్షత్రం కట్టే చేతులే తెల్లకాగితంతో ఆ రెక్కలూ చేసేవి. మరియమ్మ వేషం చాలా ఏళ్లు మీసం రాని కుర్రాళ్లదే.

పెట్రోమాక్స్ లైట్ల కింద రాత్రి పదింటికి మొదలైన నాటకం కోడికూత దాకా సాగేది. అందరికంటే గొప్ప వేషం హేరోదుది. కొత్తగా పుట్టిన రాజును వెతుక్కుంటూ వచ్చామని జ్ఞానులు చెప్పగానే ఆయన సింహాసనం మీంచి లేచి సీసం ఎత్తుకునేవాడు. రాగం తీస్తూ పై స్థాయికి వెళ్లేసరికి జనం ఒన్స్‌మోర్ అని అరిచేవాళ్లు. దుర్మార్గుడికి ఇన్ని ఈలలేమిటని ఒక పాస్టరుగారు నొచ్చుకుంటే నాన్న, "దుర్యోధనుడు లేకపోతే కృష్ణరాయబారం ఎవరి దగ్గరికండీ?" అన్నాడు. ఆ జవాబులో మా నాటక చరిత్ర మొత్తం ఉంది.

ఈ నాటకం దొరలు నేర్పింది కాదు. మిషనరీ హేయర్ దొర గుంటూరులో అడుగుపెట్టింది 1842లో. ఆ తర్వాత వచ్చిన మిషనరీలు బడులు తెచ్చారు, ఆస్పత్రులు తెచ్చారు, రాత్రిపూట ఊరి మధ్య గుడ్డ కట్టి మ్యాజిక్ లాంతరుతో బైబిలు బొమ్మలు చూపించారు. వేషం కట్టడమంటే వాళ్లలో చాలామందికి గిట్టేది కాదు. పాటను మాత్రం తెలుగు భక్తులు అప్పటికే మన దారికి తిప్పేశారు. పురుషోత్తమ చౌదరి (1803-1890) కీర్తనలకు రాగం, తాళం ఉంటాయి, పల్లవి, చరణాలు ఉంటాయి. పాట వచ్చిన దారినే వెనకాల నాటకం వచ్చింది. ఊళ్లో రామాలయం ముందు పద్యనాటకం ఆడితే మా తాతల తరంవాళ్లు దూరంగా, చివర నిలబడి చూడాల్సిందే. వేషం సంగతి అడగడానికే లేదు. ఆ చివరి వరసలోనే ఆ పద్యాలన్నీ కంఠతా పట్టారు. క్రిస్మస్ రాత్రి సొంత పందిరి కింద, పగలంతా కోతకు వంగిన మనిషి కిరీటం పెట్టుకుని రాజై నిలబడ్డాడు. మా పేట క్రిస్మస్‌లో నాకు అన్నిటికన్నా విలువైన సంగతి ఇదే. చర్చి చరిత్రలు రాసినవాళ్లు బాప్తిస్మాల లెక్కలు రాశారు, ఈ పందిరిని రాయలేదు.

రంగస్థలం దగ్గర తీసుకోవడమే కాదు, మావాళ్లు దానికి తిరిగి ఇచ్చారు కూడా. గుర్రం జాషువా 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. ఊరు కులం పేరు చెప్పి ఆయన్ని బాధపెట్టింది, పురాణాల మీద పద్యాలేమిటని సొంతవాళ్లు బాధపెట్టారు. ఆయన శ్మశానవాటి పద్యాలను హరిశ్చంద్ర నాటకం వాళ్లు కాటిసీనులోకి తెచ్చుకున్నారు. డి.వి. సుబ్బారావు లాంటి నటుల గొంతులో అవి తెలుగునాడంతా తిరిగాయి. ఆ పద్యాలు లేకుండా కాటిసీను చూడటానికి జనం ఒప్పుకోని రోజులొచ్చాయి. ఒకప్పుడు పందిరి దాకా రానివ్వని మనుషుల్లోంచి వచ్చిన కవి మాట, హరిశ్చంద్రుడి నోట! నాన్న ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ హార్మోనియం మీద చెయ్యి ఆపేవాడు.

జాషువా జీవితంలో సినిమాతో ముడిపడ్డ ఘట్టం ఒకటుంది. 1915-16 ప్రాంతంలో ఆయన రాజమండ్రిలో మూకీ సినిమాలకు వాచకుడిగా పనిచేశారు. తెర మీద మూగబొమ్మలు కదులుతుంటే పక్కన నిలబడి కథా, మాటలూ చదివి వినిపించాలి. తర్వాత క్రీస్తు చరిత్ర రాసి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న కవి, కూటి కోసం బొమ్మలకు గొంతు అరువిచ్చిన రోజులవి.

ఆ మూకీల పుట్టుకలోనూ క్రీస్తు కథ ఉంది. తిరుచ్చిలో రైల్వే గుమాస్తాగా ఉన్న స్వామికన్ను విన్సెంట్ 1905లో ఒక ఫ్రెంచి ఆయన దగ్గర ప్రొజెక్టరు కొని డేరా వేసుకుని ఊళ్లు తిరిగితే, ఆయన చూపించిన ఫిల్ము చుట్టల్లో ఒకటి ఏసు జీవితమే. 1910-11లో ఫాల్కే బొంబాయిలో అలాంటి బొమ్మే చూశాడు. క్రిస్మస్ రోజుల్లోనని కొందరు, ఈస్టరుకని కొందరు రాశారు. తెర మీద క్రీస్తు నడుస్తుంటే తన మనసులో రాముడూ కృష్ణుడూ మెదిలారని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. 1913 మే 3న ఆయన విడుదల చేసిన చిత్రం రాజా హరిశ్చంద్ర. క్రీస్తు బొమ్మ చూసి ఒకరు హరిశ్చంద్రను తెరకెక్కిస్తే, క్రైస్తవుల ఇంట పుట్టిన మరొకరు హరిశ్చంద్రుడికి పద్యమిచ్చారు. ఎవరి కథ ఎవరిదో గిరిగీసి చెప్పేవాళ్లు కనిపిస్తే నేను ఈ రెండు సంగతులూ చెబుతుంటాను.

మా పేటలో నాటకం ఆగింది 1977లో. ఆ నవంబరు 19న ఉప్పెన వచ్చింది. దివిసీమ, దానికి ఎదురుగా మా వైపు తీరం, అంతా శవాల మయం. చనిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. ఆ డిసెంబరు గుడి ముందు నక్షత్రం కట్టలేదు. హేరోదు పసిపిల్లల్ని చంపించే ఘట్టంలో తల్లుల శోకపద్యాలు మా నాటకానికి ప్రాణం. వింటూ కూర్చున్న ఆడవాళ్లు కొంగులు తడుపుకునేవాళ్లు. ఉప్పెన తర్వాత నాన్న ఆ పేజీలకు అడ్డంగా గీత కొట్టేశాడు. నీళ్లలో బిడ్డల్ని జారవిడుచుకున్న తల్లులు ముందు వరసలో కూర్చుంటే ఆ పద్యం ఎవరు పాడతారు?

మరుసటి డిసెంబరుకి కరుణామయుడు వచ్చింది. దర్శకుడు భీంసింగ్ ఆ ఏడు జనవరిలోనే కన్నుమూశారు, విడుదల ఆయన చూడలేదు. ఏసుగా విజయచందర్. ట్రాక్టర్లు మాట్లాడుకుని పేటపేటంతా తెనాలి వెళ్లింది. మాతోపాటు ఊళ్లోని కమ్మవారి ముసలమ్మలూ వచ్చారు. హాల్లో చెప్పులు విడిచి కూర్చున్నవాళ్లను నా కళ్లతో చూశాను. శిలువ మోసే చోట మోదుకూరి జాన్సన్ రాసిన పాట, బాలసుబ్రహ్మణ్యం గొంతు మొదలవగానే హాలంతా వెక్కిళ్లు. ఏడాదిగా లోపల గడ్డకట్టిన దుఃఖం ఆ చీకట్లో కరిగిందని నేననుకుంటాను. నాటకం దించేసిన చోట సినిమా నిలబడింది. ఆ మేలు నేను మరచిపోలేను.

ఆ తర్వాతి ఏడాది నుంచి పదహారు ఎం.ఎం. ప్రొజెక్టరు ఊళ్లకే వచ్చింది. రెండు వెదుర్ల మధ్య తెల్లగుడ్డ కట్టేవాళ్లు, ముందు చోటు చాలకపోతే గుడ్డ వెనక కూర్చుని తిరగబడ్డ బొమ్మ చూసేవాళ్లం. పండగ తీరే మారింది. నాటకంలో ఉండేది పుట్టుక ఒక్కటే. సినిమాలో శిలువ దాకా చూసి పుట్టినరోజు నాడు ఏడ్చి ఇంటికి వెళ్లేవాళ్లం. కమిటీవాళ్లకు ప్రొజెక్టరు అద్దె చవక, రిహార్సల్స్ బెడద లేదు. ఉప్పెన ఆపిన నాటకాన్ని తెర మళ్లీ లేవనివ్వలేదు. వీసీఆర్ వచ్చాక ఆ గుడ్డ కట్టడం కూడా పోయింది.

ఇప్పుడు సెమీ క్రిస్మస్‌ల్లో పిల్లలు వేసే స్కిట్లు చూస్తున్నాను. మాటలన్నీ ముందే స్టూడియోలో రికార్డు చేసి తెస్తారు. స్పీకర్లో గొంతు వస్తుంటే స్టేజీ మీద పిల్లలు పెదాలు కదుపుతారు. జాషువా మూగబొమ్మలకు గొంతిచ్చారంటే ఆ బొమ్మలకు గొంతు లేదు కనుక. మా పిల్లలకు ఏం తక్కువైంది? ఈ ఏడు కమిటీతో పోట్లాడి రికార్డింగు మాన్పించి, నాలుగు మైకులకు ఒప్పించాను. నాన్న నోటుబుక్కులోంచి జ్ఞానుల పద్యాలు తీశాం. రెండో జ్ఞాని వేషం ఎనిమిదో తరగతి అమ్మాయిది. మోహన రాగంలో మొదటి రెండు పాదాలు పట్టుకుంది, మూడో పాదం దగ్గర ఇంకా తడబడుతోంది. ఆదివారం ఆరాధన అయ్యాక మళ్లీ కూర్చుంటున్నాం.