తేనె సీసా కథ

సెప్టెంబరు వస్తే చాలు, డల్లాస్‌లోనో షార్లెట్‌లోనో ఉన్న పిల్లలు వీడియో పంపుతారు. పెరట్లో వేలాడే ఎర్ర సీసా, దాని ముందు గాల్లో నిలబడి చక్కెర నీళ్లు తాగుతున్న బొటనవేలంత పిట్ట. నరసరావుపేటలో అమ్మ చూసి, ‘మన మందార చెట్టుకు వచ్చేదే కదరా ఇది’ అంటుంది. కాదు. మనది తేనెపిట్ట. అక్కడిది హమ్మింగ్‌బర్డ్. అది అమెరికా ఖండాలు దాటి ఎక్కడా లేదు. ఇప్పటి మాటే లెండి. 3 కోట్ల ఏళ్ల కిందటి దాని శిలాజం జర్మనీలో దొరికిందని 2004లో ప్రకటించారు. రెండింటికీ చుట్టరికం కూడా లేదు. హమ్మింగ్‌బర్డ్‌కు దగ్గర బంధువులు గుడి గోపురాల చుట్టూ తిరిగే స్విఫ్ట్‌లు. తేనెపిట్ట పిచ్చుకల వైపుది.

ఆ సీసా వయసు నూట పాతికేళ్లు. మసాచుసెట్స్‌లో కరోలిన్ సోల్ అనే ఆవిడ కాగితంతో గొట్టపు పువ్వు చేసి, రంగులేసి, చిన్న సీసాకు చుట్టి, చక్కెర నీళ్లు పోసి తీగకు కట్టింది. పిట్టలు వచ్చి తాగాయి. 1900లో ‘బర్డ్-లోర్’ పత్రికలో ఆ సంగతి రాసింది. తర్వాత బోస్టన్ వాసి లారెన్స్ వెబ్‌స్టర్ గాజు ఊదేవాళ్లతో ప్రత్యేకంగా సీసాలు చేయించాడు. వాటి దగ్గరికి వచ్చిన పిట్టలనే ఎంఐటీ ఆచార్యుడు హెరాల్డ్ ఎడ్గర్టన్ తన మెరుపు దీపంతో ఫొటోలు తీశాడు. సెకనుకు 50 సార్లకు పైగా కొట్టుకునే రెక్క అందులో కదలకుండా నిలిచింది. 1947లో నేషనల్ జియోగ్రాఫిక్‌లో ఆ బొమ్మలు చూశాక జనానికి సీసా మీద మోజు పుట్టింది. 1950లో అంగడికొచ్చింది. నా లెక్కన సీసాను అమ్మింది పిట్ట కాదు, ఫొటో.

శరత్తు మొదట్లో అక్కడ సీసా దగ్గర అంత రద్దీ ఎందుకంటే, ఎర్రగొంతు హమ్మింగ్‌బర్డ్‌లు దక్షిణానికి వలసపోతాయి. 3 గ్రాముల పిట్టలు బలిసి దాదాపు రెట్టింపై, కొన్ని మెక్సికో సింధుశాఖను ఏకబిగిన దాటుతాయి.

మన తేనెపిట్టకు ఆ ప్రయాణం లేదు. వసారాలో పిచ్చుకలకు వరికంకుల కుచ్చు కట్టిన ఇళ్లలోనూ దీనికి ఎవరూ ఏమీ కట్టలేదు. మునగపూత, అరటిపువ్వు, మందార ఉంటే చాలు. వేపకూ మామిడికీ పట్టిన బదనికను రైతు తిట్టుకుంటాడు గానీ, దాని పూలు దీనికి విందు. పుప్పొడి మోసి రుణం తీర్చుకుంటుంది. ఈ శరత్తు రోజుల్లో ఊదా తేనెపిట్ట పోతు నీలి నిగనిగలు వదిలేసి పెట్టలా వెలిసిపోయి, గొంతు నుంచి పొట్ట దాకా నల్లగీత మిగుల్చుకుంటుంది. కొత్త పిట్టేదో వచ్చిందనుకుంటారు చాలామంది.

ఆన్‌లైన్‌లో సీసా కొని గురజాలలోనూ వేలాడదీయొచ్చు. కూర్చోవడానికి కొమ్మలాంటి ఆసరా ఉన్నదే కొనండి. తేనెపిట్ట గాల్లో ఎక్కువసేపు నిలవలేదు. ఒక వంతు పంచదారకు నాలుగు వంతుల నీళ్లు, రంగు వద్దు. పల్నాటి ఎండకు పోసింది త్వరగా పులుస్తుంది కాబట్టి రోజూ కడగాలి.