రొయ్య పెంకు నుంచి గాయం కట్టు దాకా

భీమవరం వైపు రొయ్యలు ఒలిచే షెడ్డు. గుమ్మం దాటగానే నీచు వాసన గుప్పుమంటుంది. ఐసులో వనామి రొయ్యలు. గ్లవుజులు తొడుక్కున్న ఆడవాళ్లు చకచకా తల తుంచి, పెంకు ఒలిచి, కండను ట్రేలో వేస్తున్నారు. మీరు మాత్రం పెంకులు పడే టబ్బు దగ్గరికి రండి. ఒకటి తీసి వెలుతురుకు ఎత్తి చూడండి. పలచగా ఉంది, వేలితో నొక్కితే వంగుతోంది. అఫ్గానిస్తాన్, ఇరాక్ యుద్ధాల్లో సైనికుల గాయాల మీద అదిమిన ఒక రకం కట్టుకు ముడిసరుకు ఇలాంటి పెంకే.

ఇక ల్యాబుకు పదండి. ఎండబెట్టి దంచిన పెంకుల మీద హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తున్నారు. బుసబుసా నురగ పొంగుతోంది. పెంకులోని కాల్షియం కార్బొనేట్ కరిగిపోతోందన్నమాట. తర్వాత కాస్టిక్ సోడాలో కాస్తే మాంసకృత్తులు వదిలిపోయి కైటిన్ మిగులుతుంది. మరింత గాఢమైన సోడాలో వేడిచేస్తే అదే కైటోసాన్ అవుతుంది. దాన్ని పలచని ఎసిటిక్ ఆమ్లంలో కలిపితే గంజిలా చిక్కబడుతుంది. గడ్డకట్టించి, వాక్యూమ్‌లో తేమ లాగేస్తే తేలికైన తెల్లటి స్పాంజి చేతికొస్తుంది.

దాని మీద ఒక నెత్తురు చుక్క వేయండి. జారిపోదు, అక్కడే ముద్దకడుతుంది. ఎర్రకణాల పైపొర మీద రుణావేశం, కైటోసాన్ మీద ధనావేశం. రెండూ అతుక్కుపోతాయి. ఒంట్లోని గడ్డకట్టే ప్రొటీన్ల కోసం ఎదురుచూడనక్కర్లేదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు ఇదెంత ఊరటో ఆలోచించండి! ఆ ధనావేశమే బాక్టీరియా పొరనూ దెబ్బతీస్తుంది. కానీ మట్టి పట్టిన లోతైన గాయానికి ఆ బలం చాలదు. అందుకే పరిశోధకులు వెండి కణాలో, యాంటీబయోటిక్కో జోడించి చూస్తున్నారు. క్రిమి చావాలి, కొత్తగా పుట్టే చర్మకణం బతకాలి. అసలు చిక్కంతా అక్కడే.

ఈ దారిలో దెబ్బలూ తగిలాయి. జియోలైట్ అనే ఖనిజం పొడితో చేసిన తొలినాటి క్విక్‌క్లాట్ మందు నెత్తురును ఆపింది గానీ, అది పుట్టించిన వేడికి చర్మం కాలింది. తర్వాత కెయోలిన్ అనే బంకమట్టి పూసిన గాజుగుడ్డ వచ్చింది. కైటోసాన్‌తో చేసిన హెమ్‌కాన్ కట్టుకు అమెరికాలో 2002లో అనుమతి దక్కింది.

ఎంత గొప్ప కట్టయినా చెయ్యి అదిమితేనే పనిచేస్తుంది. ఈ గాజుగుడ్డల్నీ కనీసం మూడు నిమిషాలు గట్టిగా నొక్కిపట్టాల్సిందే. మీ కళ్లముందు ఎవరికైనా నెత్తురు ధారకడితే కాఫీపొడి, పసుపు అద్దకండి. శుభ్రమైన గుడ్డ పెట్టి బలంగా అదమండి, ఆగిందా లేదా అని మాటిమాటికీ ఎత్తి చూడకండి, 108కి ఫోన్ చేయించండి.