సింగపూర్‌లో మన తిండి: ఏది హలాల్, ఎక్కడ రుచి

హైదరాబాద్ నుంచి సింగపూర్‌కు నేరుగా విమానం ఉంది. అక్కడ చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న పిల్లల్ని చూడటానికి అమ్మీ అబ్బాలు, సెలవుల్లో కుటుంబాలు వెళ్లి వస్తూనే ఉంటారు. దిగగానే వచ్చే మొదటి ప్రశ్న తిండిదే. సింగపూర్ జనాభాలో ముస్లిములు దాదాపు 15 శాతం. కాబట్టి హలాల్ దొరకడం కష్టం కాదు. ఏది హలాలో, ఏది కాదో గుర్తుపట్టడమే అసలు పని. హాకర్ సెంటర్ అనే తిండి బజారులో ఒకే కప్పు కింద పంది మాంసం వండే కొట్టూ ఉంటుంది, నాలుగడుగుల్లో బిర్యానీ కొట్టూ ఉంటుంది.

అక్కడి ముస్లిం వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ పేరు మూయిస్. 1978 నుంచి హలాల్ సర్టిఫికెట్ ఇస్తున్నది ఇదే. కొట్టు ముందు దాని గుర్తు ఉంటే నిశ్చింతగా కూర్చోవచ్చు. అయితే సర్టిఫికెట్ తీసుకోవడం తప్పనిసరి కాదు. ముస్లిములే నడిపే చిన్న హోటళ్లు కొన్ని అది లేకుండానే నడుస్తాయి. అలాంటి చోట మాంసం ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. మోసపోయేది ఇంకో చోట. 'నో పోర్క్, నో లార్డ్' అనే బోర్డు చూసి చాలామంది హలాల్ అనుకుంటారు. దానర్థం పంది మాంసం, పంది కొవ్వు లేవని మాత్రమే. కోడి జబీహా కాకపోవచ్చు, వంటలో మద్యం పడి ఉండవచ్చు. ఇండియన్ హోటల్ కదా అనే ధీమా కూడా పనికిరాదు. బటర్ చికెన్ అమ్మే చాలా రెస్టారెంట్లలో బార్ కూడా ఉంటుంది.

మొదట చూడాల్సిన చోటు కంపాంగ్ గ్లామ్. బంగారు గుమ్మటం ఉన్న సుల్తాన్ మస్జిద్ ఇక్కడే ఉంది. ఇప్పుడున్న కట్టడం 1932లో పూర్తయింది. దానికి ఎదురుగా నార్త్ బ్రిడ్జ్ రోడ్డులో జమ్‌జమ్ హోటల్ 1908 నుంచి నడుస్తోంది, పక్కనే దాదాపు అంత పాతదే విక్టరీ. రెండింటిలోనూ ముర్తబాక్ ప్రసిద్ధి. మైదా పిండిని గాల్లో తిప్పి పల్చగా సాగదీస్తారు. అందులో కీమా, గుడ్డు, ఉల్లిపాయ పెట్టి మడిచి పెనం మీద కాలుస్తారు. మన కీమా పరాఠా ఊహించుకుని వెళ్తే పొరపాటు, ఇది ఇంకా మెత్తగా, బరువుగా ఉంటుంది. పక్కన పల్చని కూర ఇస్తారు. పెద్ద సైజు ఒకటి ఇద్దరికి చాలుతుంది. జుమా రోజు నమాజ్ అయ్యాక జనం విరుచుకుపడతారు, పిల్లలతో వెళ్లేవాళ్లు కాస్త ముందో వెనకో వెళ్లడం మేలు.

రెండో చోటు లిటిల్ ఇండియా. మెట్రో స్టేషన్ పక్కనే టెక్కా సెంటర్. కింది అంతస్తులో ఒక పక్క కూరగాయలు, చేపలు, మాంసం మార్కెట్, ఇంకో పక్క తిండి కొట్లు. బిర్యానీ కొట్లకు ఇక్కడ కొదవ లేదు. అసలు సంగతి ఏమిటంటే, ఇక్కడి బిర్యానీ మన బిర్యానీ కాదు. సింగపూర్‌లో స్థిరపడిన ఇండియన్ ముస్లిముల్లో ఎక్కువమంది తమిళనాడు, కేరళ నుంచి వచ్చినవారు, వంటా అటువైపుదే. చాలా కొట్లలో మసాలా అన్నం వేరుగా, మాంసం వేరుగా వండి పళ్లెంలో కలిపి ఇస్తారు. కచ్చీ దమ్ కోసం వెతికితే నిరాశే. అక్కడక్కడ 'దమ్' అని బోర్డు ఉంటుంది, అది దగ్గరగా ఉంటుందిగానీ పాతబస్తీ రుచి కాదు. ఒక చుట్టం మాత్రం ఉంది, దాల్చా. మన ఇళ్లలో శనగపప్పు, సొరకాయ, మాంసంతో చేస్తే అక్కడ పప్పులో వంకాయ, క్యారట్ లాంటివి వేసి బిర్యానీ పక్కన పోస్తారు. మిర్చీ కా సాలన్ అడగకండి, ఉండదు.

టెక్కాకు దగ్గర్లోనే డన్‌లప్ స్ట్రీట్‌లో అబ్దుల్ గఫూర్ మస్జిద్ ఉంది. ముస్తఫా సెంటర్ షాపింగ్‌కు వెళ్లినవాళ్లకు సెరంగూన్ రోడ్డులో అంగూలియా మస్జిద్ దగ్గర. భోజనం, నమాజ్ రెండూ ఒకే నడకలో అయిపోతాయి.

మాంసం విషయంలో అనుమానం తీరకపోతే శాకాహారం ఉండనే ఉంది. ఆనంద భవన్ 1924లో, కోమల విలాస్ 1947లో మొదలయ్యాయి. దోసె, ఇడ్లీ, అరటాకు మీద భోజనం. ఊరి తిండి మీద బెంగ పట్టుకున్న పెద్దవాళ్లకు ఇదే మందు. రేస్‌కోర్స్ రోడ్డులో చేప తలకాయ కూర పేరు మోసింది. కేరళ నుంచి వచ్చిన ఒక వంటవాడు చీనీ గిరాకీల కోసం దీన్ని మొదలుపెట్టాడని చెబుతారు. చింతపండు పులుపు ఉంటుంది కాబట్టి మన చేపల పులుసు తిన్న నోటికి నచ్చుతుంది. చేప కదా అని ఊరుకోకుండా వంటగది సంగతీ కనుక్కోవాలి.

టూరిస్టు చోట్లు వదిలేసి పిల్లల ఫ్లాట్‌లో ఉండేవాళ్లకు ఇంకా తేలిక. దాదాపు ప్రతి పేటలోనూ ఇండియన్ ముస్లిం కొట్టు ఒకటి ఉంటుంది, కొన్ని రాత్రంతా తెరిచే ఉంచుతారు. పరోటాకు అక్కడి పేరు ప్రాటా. నూడుల్స్‌ను ఎర్రగా, కారంగా వేయిస్తే మీ గోరెంగ్. అంత ఎత్తు నుంచి పోసి నురగ తెప్పించే చాయ్ తె తారిక్. ఇరానీ చాయ్‌కి అలవాటుపడినవాళ్లకు కండెన్స్‌డ్ మిల్క్ తీపి ఎక్కువ అనిపిస్తుంది, తీపి తగ్గించమని ముందే చెప్పాలి.

ఖర్చు సంగతి. హాకర్ కొట్టులో బోర్డు మీద రాసిన ధరే కట్టేది. రెస్టారెంట్‌లో మెనూ ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే 10 శాతం సర్వీస్ చార్జి, ఆపైన 9 శాతం జీఎస్టీ పడతాయి. ఆరుగురి కుటుంబానికి అది చిన్న తేడా కాదు. హాకర్ సెంటర్‌లో తిన్న ట్రే మనమే తిరిగి పెట్టాలి. వదిలేస్తే మొదటిసారి హెచ్చరిక, రెండోసారి 300 డాలర్ల జరిమానా. చాలాచోట్ల హలాల్ ట్రేలకు విడిగా ర్యాక్ ఉంటుంది, బోర్డు చూసి అందులోనే పెట్టాలి.

రంజాన్‌లో వెళ్తే అస్ర్ తర్వాత మస్జిద్‌ల దగ్గర గంజి పంచుతారు. గిన్నె వెంట తీసుకెళ్లడం మరవకండి.