నలభై అడుగుల కట్ట

డ్యామ్ తెగిందంటే మనకు పెద్ద ప్రాజెక్టులే గుర్తొస్తాయి. ఇవాళ నేను చెప్పబోయేది మాత్రం ఒక చిన్న మట్టికట్ట చరిత్ర. ఎత్తు సుమారు 40 అడుగులు, పొడవు 400 అడుగులు. మన వైపు చాలా ఊరి చెరువుల కట్టలు ఇంతకంటే పొడవుంటాయి. ఇది ప్రభుత్వానిది కూడా కాదు, ఒక ప్రైవేటు కళాశాలది. 1977 నవంబరు 6న తెగింది. 39 మంది పోయారు. వాళ్లలో 20 మంది పిల్లలు.

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో టొకోవా అని ఒక చిన్న పట్నం. అట్లాంటాలో ఉన్న మనవాళ్లు కొందరైనా అక్కడి జలపాతం చూసే ఉంటారు, 186 అడుగుల ఎత్తు నుంచి పడుతుంది. ఆ జలపాతానికి ఎగువన వాగుకు అడ్డంగా ఉండేది ఈ కట్ట. పేరు కెల్లీ బార్న్స్ డ్యామ్. జలపాతానికి దిగువన బైబిల్ కళాశాల, వాగు ఒడ్డునే పెళ్లయిన విద్యార్థుల కుటుంబాలు ఉండే ట్రైలర్ ఇళ్లు, అంటే చక్రాల మీద తెచ్చి నిలబెట్టే తేలికపాటి ఇళ్లు.

ఈ కట్ట ఎలా పుట్టిందో కాస్త ఓపిగ్గా వినండి, అసలు సంగతి అక్కడే ఉంది. 1899 ప్రాంతంలో కరెంటు తీయడానికని కలప చట్రాల్లో రాళ్లు నింపి చిన్న అడ్డుకట్ట వేశారు. 1930ల చివర్లో కళాశాలకు సొంత కరెంటు కావాల్సొచ్చింది. పాతదాన్ని తీసెయ్యలేదు, దాని మీదే మట్టి పోసి కట్ట లేపారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఇంకా ఎత్తు పెంచారు. కట్ట తెగాక వచ్చిన ఇంజనీర్లు వెతికితే డిజైను కాగితాలే దొరకలేదు.

1957లో కరెంటు తీయడం ఆపేశారు. నా లెక్కలో ఈ కథకు మలుపు ఆ సంవత్సరమే. కరెంటు వస్తున్నన్నాళ్లూ ఎవరో ఒకరు పనిమీద కట్ట దగ్గరికి వెళ్తారు కదా. ఆ పని పోయాక అది చూడ్డానికి అందమైన చెరువు, చేపలు పట్టుకునే చోటు, అంతే. కట్ట మీద చెట్లు మొలిచి పెద్దవయ్యాయి. చెట్టు కట్టను పట్టి ఉంచుతుందని మనలో చాలామంది అనుకుంటారు. గడ్డి పట్టి ఉంచుతుంది, నిజమే. పెద్ద చెట్టు సంగతి వేరు: వేరు చచ్చి కుళ్లితే అక్కడ సొరంగం మిగులుతుంది, నీరు దాన్ని వెతుక్కుంటుంది. పైగా ఇక్కడ కట్ట కడుపులో పాత కలప చట్రం ఉంది, పాత గొట్టం ఉంది. మట్టికట్ట వెలుపలి వాలు మామూలుగా అడుగు ఎత్తుకు రెండడుగుల లెక్కన సాగాలి. ఇక్కడ అడుగుకు అడుగే.

కట్ట ముందే చెప్పింది కూడా. 1973లో తీసిన ఒక ఫోటో ఉంది. వెలుపలి వాలు మీద 12 అడుగుల ఎత్తున, 30 అడుగుల వెడల్పున మట్టి జారిపోయి కనిపిస్తుంది. అప్పటికి ఇంకా నాలుగేళ్లు టైముంది. నాకు ఈ మొత్తం చరిత్రలో మింగుడుపడనిది ఆ ఫోటోయే.

1977 నవంబరు 2 నుంచి 5 దాకా ఏడంగుళాల వాన. అందులో సగం ఆఖరి రోజు సాయంత్రం ఆరు నుంచి అర్ధరాత్రి లోపలే పడింది. ఆ రాత్రి కళాశాల వాలంటీర్లు కట్ట దాకా వెళ్లి చూశారు, భయపడాల్సిందేమీ కనిపించలేదు. వాళ్లను తప్పుపట్టలేం. చీకట్లో, వానలో, చెట్లు కప్పేసిన వాలు మీద ఊట కనిపించాలంటే ఎలా? ఒంటిగంటన్నరకు కట్ట తెగింది. తొమ్మిది ఇళ్లు, 18 ట్రైలర్లు నాశనమయ్యాయి. జనం నిద్రలో ఉన్నారు.

ఫెడరల్ విచారణ బృందం ఒక్క కారణం తేల్చలేదు. నిటారు వాలు జారి ఉండొచ్చు, లోపల నీరు మట్టిని కొద్దికొద్దిగా తోడేసి ఉండొచ్చు, పాత గొట్టం కూలి ఉండొచ్చు, లేదా ఇవన్నీ కలిసి ఉండొచ్చు అన్నారు.

అప్పటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ జార్జియావాడే, అంతకుముందు అక్కడ గవర్నరు. భార్య రోజలిన్ ఆ రోజే టొకోవా వెళ్లారు. నిజానికి డ్యామ్‌ల తనిఖీకి చట్టం 1972లోనే వచ్చింది, వెస్ట్ వర్జీనియాలో బఫెలో క్రీక్ దగ్గర బొగ్గు గని కట్ట తెగి 125 మంది చనిపోయాక. లెక్కలు రాసుకున్నారు గానీ ప్రైవేటు కట్టల తనిఖీ కదల్లేదు. టొకోవా తర్వాత కార్టర్ ఆదేశంతో కదిలింది. 1981 దాకా సుమారు 8,800 డ్యామ్‌లు చూశారు, తెగితే ప్రాణాలు పోయే చోట ఉన్నవి. దాదాపు మూడో వంతు భద్రం కాదని తేలింది! జార్జియా తన సొంత చట్టం 1978లో చేసుకుంది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. 2021లో మన పార్లమెంటు ఆనకట్టల భద్రతా చట్టం చేసింది. అది 15 మీటర్లు దాటిన డ్యామ్‌లకు వర్తిస్తుంది. 10 నుంచి 15 మీటర్ల మధ్యవైతే కట్ట 500 మీటర్ల పొడవుండాలి, లేదా పది లక్షల ఘనపు మీటర్ల నీరు పట్టాలి, ఇలా కొన్ని షరతులున్నాయి. కెల్లీ బార్న్స్ కొలతలు పెట్టి చూశాను. ఎత్తు 12 మీటర్లు, పొడవు 120 మీటర్లు, ఆ రాత్రి బయటికొచ్చిన నీరు ఎనిమిది లక్షల ఘనపు మీటర్లలోపే. ఆ కొలతల ప్రకారం మన చట్టం కూడా దాన్ని పట్టించుకోదు. దిగువన ఎంతమంది నిద్రపోతున్నారన్నది ఆ కొలతల్లో లేదు.

పాతకాలంలో మనవాళ్లకు ఈ చూపు ఉండేది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు చెబుతూ, కట్ట నుంచి నీరు ఊరడాన్ని అందులో చేర్చారు. తెలంగాణలో నీరటి, రాయలసీమలో నీరుగంటి కట్ట మీద తిరుగుతూనే ఉండేవాడు. ఊట తేటగా వస్తే కనిపెట్టి ఉండాలి, బురదగా వస్తే మట్టి లోపల కోసుకుపోతోందన్నమాట, ఊరిని లేపాలి.

మీ ఊళ్లో పొలంలోనో, ఫామ్‌హౌస్ వెనకో ఎవరైనా వేసిన కట్ట ఉంటే, వెలుపలి వాలు పాదం దగ్గర ఎలా ఉందో చూసి కామెంట్లలో రాయండి. టొకోవాలో ఆ చెరువును మళ్లీ కట్టలేదు. ఉంటానండీ.