దాచుకునే పుస్తకం, పారేసే పెట్టె

2013 మార్చిలో, అమెరికాలో ఎనిమిది రోజుల ఎడంతో రెండు సంఘటనలు జరిగాయి. 15వ తేదీన కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో, పైథాన్ ప్రోగ్రామర్ల సదస్సు పైకాన్‌లో, సాలమన్ హైక్స్ అనే యువకుడు ఐదు నిమిషాల ప్రసంగంలో డాకర్ అనే సాఫ్ట్‌వేర్‌ను మొదటిసారి జనం ముందు పెట్టాడు. 23వ తేదీన దేశం అవతలి కొసన, మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో, ఐపైథాన్ అనే పైథాన్ పనిముట్టు సృష్టించినందుకు ఫెర్నాండో పెరెజ్‌కు ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పురస్కారం ప్రకటించారు. మొదటిది కంటైనర్ల కథ, అంటే ఒకే యంత్రంలో ప్రోగ్రాంలను విడివిడి పెట్టెల్లో నడిపే ఏర్పాటు; రెండోది నోట్‌బుక్కుల కథ. డేటా సైన్స్ పాఠాల్లో ఇప్పుడివి తరచూ జంటగానే కనిపిస్తాయి. ఆ రెండు తేదీలూ పక్కపక్కన చూసినప్పుడు కలిగిన సంబరమే నన్ను వీటి పుట్టుక వైపు లాక్కెళ్లింది.

పెరెజ్‌ది కొలంబియాలోని మెడెయిన్. 2001లో అమెరికాలోని బౌల్డర్‌లో ఫిజిక్స్ పరిశోధన చేస్తున్నాడు. థీసిస్ రాయాల్సిన రోజుల్లో దాన్ని పక్కన పెట్టి, పైథాన్‌ను తన చేతికి అనువుగా మలచుకునే పనిలో పడ్డాడు. అతనికి అలవాటైన మ్యాథమెటికా 1988లో వచ్చింది. థియొడర్ గ్రే రూపొందించిన దాని నోట్‌బుక్‌లో లెక్క, జవాబు, బొమ్మ, వివరణ అన్నీ ఒకేచోట ఉండేవి. ప్రతి ప్రశ్నకూ ఒక నంబరు, దాని జవాబుకూ అదే నంబరు. పైథాన్‌లోనూ అలాంటి సౌకర్యం కావాలని పెరెజ్ రాసుకున్న తొలి ఐపైథాన్ మొత్తం 259 వరుసలు. యాంకో హౌజర్, నేథన్ గ్రే అనే మరో ఇద్దరు ఇలాంటి పనే చేసి ఉన్నారు. మూడింటినీ కలిపేశాడు. ఈనాటికీ నోట్‌బుక్‌లో కోడ్ రాసే ప్రతి గడి (సెల్) పక్కన బ్రాకెట్లలో కనిపించే అంకె ఆ వారసత్వమే.

బ్రౌజర్‌లో తెరుచుకునే నోట్‌బుక్ కోసం మాత్రం పదేళ్లు ఆగాల్సి వచ్చింది. పెరెజ్ సహచరుడు బ్రయన్ గ్రేంజర్ 2011 వేసవిలో దానికి రూపం ఇచ్చాడు. ఆ డిసెంబరులో విడుదలైంది. 2014లో నోట్‌బుక్ ప్రాజెక్టుకు జుపైటర్ అనే కొత్త పేరు పెట్టుకున్నప్పుడు, గురుగ్రహం చుట్టూ తిరిగే చంద్రులను రాత్రి వెంట రాత్రి గీసిపెట్టుకున్న గెలీలియో నోట్సుకు అది నమస్కారమని చెప్పుకున్నారు. 1610 జనవరి 7న మూడు చుక్కలతో మొదలైన నోట్సు అది. వారం తిరగకుండానే నాలుగో చుక్క చేరింది.

ఇక్కడో పిట్టకథ. గెలీలియో స్వదస్తూరితో ఆ చంద్రుల వివరాలున్న కాగితమని మిషిగన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం దశాబ్దాలపాటు అపురూపంగా దాచుకున్నది 2022లో నకిలీదని తేలింది. చరిత్రకారుడు నిక్ వైల్డింగ్ కాగితంలోని వాటర్‌మార్క్‌ను పట్టుకున్నాడు. ఆ కాగితం 18వ శతాబ్దానికి ముందు తయారైంది కాదు. రాత ఎంత నమ్మకంగా ఉన్నా, అది దేని మీద ఉందో అదీ సాక్ష్యం చెబుతుంది. కంప్యూటర్ నోట్‌బుక్ సంగతీ ఇంతే. ఫైలులో కోడ్ ఉంటుంది, జవాబులు ఉంటాయి. ఏ లైబ్రరీ ఏ వెర్షన్‌తో ఆ జవాబు వచ్చిందో మాత్రం దానంతట అది నమోదు కాదు. కంటైనర్ ఇమేజ్ అవసరం అక్కడే వస్తుంది. పైథాన్, లైబ్రరీలు, సెట్టింగులు అన్నీ అందులో మూటకట్టి ఉంటాయి.

ఆ ఇమేజ్‌ను నడిపే కంటైనర్ వెనక వంశం పొడవైనదే. 1979 నాటి యూనిక్స్‌లో ఒక ప్రోగ్రాంకు ఒక ఫోల్డరే సర్వప్రపంచమని చూపించే ఏర్పాటు వచ్చింది. 2000లో ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని జైలుగా బిగించింది. గూగుల్ ఇంజినీర్లు రాసిన సీగ్రూప్స్ 2008లో లైనక్స్‌లో చేరాయి. ఎవరికెంత మెమరీ, ఎంత ప్రాసెసర్ అని వాటాలు వేయడం వాటి పని. డాకర్ చేసిందల్లా లైనక్స్‌లోని ఇలాంటి సౌకర్యాలను ఒక్క ఆదేశంతో అందేలా చేయడం. పాఠం చెప్పేవాళ్లకు అంతకన్నా పెద్ద మేలు జరగలేదనే నా అభిప్రాయం.

ఈ రెండు వంశాలకూ వియ్యం కుదిరిన 2014 నవంబరంటే నాకు మహా ఇష్టం. నేచర్ పత్రిక ఐపైథాన్ నోట్‌బుక్కుల మీద హెలెన్ షెన్ వ్యాసం వేస్తూ, పాఠకుడు అక్కడికక్కడే కోడ్ నడిపి చూసే వీలు కల్పించింది. వచ్చేవాళ్లెవరో తెలియదు, అందరికీ విడివిడిగా యంత్రం ఇవ్వాలి, ఒకరి కోడ్ మరొకరిని తాకకూడదు. రాక్‌స్పేస్ కంపెనీ సర్వర్ల మీద కైల్ కెల్లీ, తోటివాళ్లు చేసిన ఏర్పాటు పెళ్లి భోజనాల వరసలాంటిది. అతిథి రాకముందే విస్తళ్లు వేసి ఉంటాయి, లేచాక ఆకు తీసేస్తారు, ఆ చోట కొత్త ఆకు పడుతుంది. కంటైనర్ లేవడానికి పట్టే సమయం పాఠకుడికి కనబడకూడదని ముందే కొన్నిటిని లేపి ఉంచేవారు. క్లిక్ పడగానే ఒకటి అప్పగించి, కాసేపు కదలిక లేకపోతే చెరిపేసేవారు. లాగిన్ లేదు, పాస్‌వర్డ్ లేదు, ఇన్‌స్టాలేషన్ లేదు. సైన్సు పత్రిక చూపిన లెక్కను పాఠకుడే మార్చి చూశాడు!

ఆ తర్వాత జెరెమీ ఫ్రీమన్ బృందం నోట్‌బుక్కులను ఇలాగే బ్రౌజర్‌లో తాత్కాలికంగా నడిపించే బైండర్ తెచ్చింది, జుపైటర్ వాళ్లు రెడీమేడ్ డాకర్ ఇమేజ్‌లు ఇచ్చారు. ఇమేజ్ ఎక్కించి, 8888 పోర్టు తెరిస్తే పాఠం సిద్ధం. లోపల అందరి యూజర్ పేరూ జోవియనే, గురుగ్రహ వాసి అని. రెండేళ్ల పాత ల్యాప్‌టాప్ ఉన్నవాడికీ, కొత్తది ఉన్నవాడికీ ఒకే జవాబు వస్తుంది. ఇన్‌స్టాల్ అవక మొదటి గంటంతా పోగొట్టుకున్న ల్యాబుల్లో కూర్చున్నవాళ్లకు దీని విలువ తెలుసు.

అయినా ఒకటి పోయింది, దానికి నాకు బాధ ఉంది. నోట్‌బుక్ పుట్టింది దాచుకోవడానికి. కంటైనర్ పుట్టింది వాడి పారేయడానికి. విద్యార్థి సాయంత్రం దాకా రాసుకున్న సెల్స్, చెరిపి దిద్దిన తప్పు లెక్కలతో సహా, కంటైనర్ తీసేయగానే పోతాయి. బైండర్‌లోనైతే పది నిమిషాలు కదలిక లేకపోతే చాలు. తన ఫైలు ఎక్కడుందో తెలియని తరం తయారవుతోంది, అది వాళ్ల తప్పు కాదు. సొంత కంప్యూటర్లోని ఫోల్డర్‌ను కంటైనర్‌లోని వర్క్ ఫోల్డర్‌కు జోడించే వాల్యూమ్ ఆప్షన్ ఒక్క ముక్క. చాలా ట్యుటోరియళ్లలో అది అనుబంధంలో ఉంటుంది, లేదా ఉండనే ఉండదు. మొదటి పేజీలో, కంటైనర్ లేపే ఆదేశంలోనే దాన్ని కలిపి ఇవ్వాలి, అది ఏం చేస్తుందో రెండు వాక్యాల్లో చెప్పాలి, మొదటి అభ్యాసంగా పిల్లల చేత కంటైనర్‌ను తీసేయించి, మళ్లీ లేపించి, రాసింది అలాగే ఉందని చూపించాలి.