ఫ్రాంక్‌ఫర్టు ఉపన్యాసశాలలో ఒక వేసవి

జర్మను విశ్వవిద్యాలయములలో ఆచార్యోపన్యాసమునకు ఫోర్లేసుంగ్ అని పేరు. ఎదుట కూర్చున్నవారికి చదివి వినిపించుట యని దాని అర్థము. గురువు పత్రములు ముందుంచుకొని చదువుచుండగా శిష్యులు కలములు పట్టి వ్రాసికొనుట అచ్చట తరతరముల ఆచారము. 1831లో తత్త్వవేత్త హేగెల్ గతించిన పిమ్మట, చరిత్రను గూర్చియు సౌందర్యమును గూర్చియు ఆయన చేసిన ఉపన్యాసములు లోకమునకు దక్కినది అధికభాగము అట్టి శిష్యుల వ్రాతపుస్తకముల వలననే. 1968 వేసవిలో ఫ్రాంక్‌ఫర్టు నగరమున తత్త్వవేత్త థియోడర్ అడోర్నో సమాజశాస్త్రమునకు ప్రవేశికగా చేసిన ఉపన్యాసములనైతే టేపుయంత్రము కాపాడెను. ఆయన కొలదిపాటి సూచనలు ముందుంచుకొని, వాక్యములను అప్పటికప్పుడు అల్లుకొనుచు మాటాడెడివాడు. నోటిమాట ధర్మము వేరు, అచ్చుమాట ధర్మము వేరు అని ఆయన మతము. ఆ ఉపన్యాసములు 1993లో జర్మను భాషలో గ్రంథరూపమున వెలువడుట మేలే యని నేనందును. తలపు పుట్టుచుండగా చూచు భాగ్యము, దిద్ది తీర్చిన గ్రంథములలో లభించునది కాదు.

ఆ మాటల వెనుక ఒక స్థలచరిత్ర కలదు. అర్జెంటీనాలో ధాన్యవ్యాపారమున ధనమార్జించిన హెర్మన్ వైల్ ఇచ్చిన ద్రవ్యముతో, ఆయన కుమారుడు ఫెలిక్స్ పూనికచే, 1923లో ఫ్రాంక్‌ఫర్టున సామాజిక పరిశోధన సంస్థ ఏర్పడెను. 1933లో నాజీలు దానిని మూసివేసిరి. అది జెనీవాకును, అటుపిమ్మట న్యూయార్కునకును తరలిపోయెను. యూదు వంశీయుడైన ద్రాక్షసారా వర్తకుని కుమారుడై 1903లో ఆ నగరముననే జన్మించిన అడోర్నో బోధనాధికారము కోల్పోయి, ఇంగ్లండునకును అమెరికాకును వలసపోయి, 1949లో తిరిగివచ్చెను. తన్ను వెడలగొట్టిన తరమువారి బిడ్డలకే, తన్ను వెడలగొట్టిన ఊరిలోనే, సమాజమన నేమో బోధింప నిలిచిన ఆ మనుష్యుని తలచినప్పుడెల్ల నా మనస్సు బరువెక్కును.

1968 ఏప్రిల్ 11న బెర్లినులో విద్యార్థినాయకుడు రూడి డుచ్కెపై కాల్పులు జరిగెను; 23న ఈ ఉపన్యాసములు ఆరంభమయ్యెను; మే 30న బాన్ నగరమున పార్లమెంటు అత్యవసరాధికార చట్టములను ఆమోదించెను. శాలలో కూర్చున్న యువకుల చెవులలో వీథుల ఘోష ఇంకను ఆరలేదు.

అట్టివారికి ఆయన నిర్వచనముతో పాఠము మొదలిడలేదు. గణితమువలె మెట్టుమెట్టుగా ఎక్కదగినది కాదు ఈ శాస్త్రమని హెచ్చరించెను. దీనికి పేరిడిన ఫ్రెంచి తత్త్వజ్ఞుడు కోంత్‌ను, సామాజిక విషయములను వస్తువులవలె పరిశీలింపవలెనన్న దుర్ఖైమ్‌ను ఆయన గౌరవముతోనే విమర్శించెను. మనము అడుగు వేయబోవ అడ్డుపడు శక్తిగా, నొప్పి తగిలినచోట, సమాజము మనకు ప్రత్యక్షమగునన్న అనుభవమును దుర్ఖైమ్ సరిగా గుర్తించెనని ఆయన యొప్పుకొనెను. కాని, ఆ అడ్డును ప్రకృతిసిద్ధమైన కొండగా భావించుట తప్పు. అది మనుష్యులు కల్పించినది, తాము కల్పించితిమని మరచినది, కాన మార్పదగినది. కులము పేర ఒకరి వాకిట నిలిపివేయబడిన తెలుగువానికి ఈ మాటకు వ్యాఖ్యానమక్కరలేదు. గ్రంథమంతటిలో నేను మరల మరల తిరిగివచ్చు తావిదియే.

శిష్యులకును గురువునకును నడుమ సఖ్యము మాత్రము నిలువలేదు. ఆయన విమర్శ కార్యరూపము దాల్చవలెనని వారు కోరిరి. ఆలోచనకు అట్టి తొందర తగదని ఆయన పట్టుపట్టెను. 1969 జనవరి 31న విద్యార్థులు, మరల ఫ్రాంక్‌ఫర్టున నెలకొన్న ఆ సామాజిక పరిశోధన సంస్థ భవనమున ప్రవేశింపగా పోలీసులు పిలువబడిరి. ఆ వసంతమున ఆయన ఆరంభించిన నూతనోపన్యాసములు అల్లరి వలన మధ్యనే ఆగిపోయెను. ఆగస్టు 6న స్విట్జర్లాండులో ఆయన గుండె ఆగెను. 1968 జూలై 11న ముగిసిన ఈ ప్రవేశికోపన్యాసములే ఆయన తుదిముట్ట జరిపిన కడపటి పాఠము.